లీటరుకు పదమూడున్నర

మార్చి 1

థర్మకోల్ కంపెనీ వాళ్ళు కొత్త సంవత్సరానికి ఇచ్చిన డైరీ. రెండు నెలలుగా బీరువాలో ఖాళీగా పడి ఉంది, ఈ రోజు తీశాను. ఎవరితోనైనా చెప్పుకుందామంటే మా ఇంట్లో ఒక్క నిట్టూర్పుకు నలుగురు పరిగెత్తుకొస్తారు. కాగితం ఎక్కడికీ పరిగెత్తదు.

ఉదయ్ కారు వెంట పడ్డాడు. చేపలకూ రొయ్యలకూ థర్మకోల్ పెట్టెలమ్మే మా షాపు లెక్కలన్నీ ఫోన్లోకి ఎక్కించాక నా కొడుకు కన్ను డీజిల్ మీద పడింది.

"అమ్మా, మన కారు లీటరుకు పదమూడున్నరే ఇస్తోంది. నాన్న పుస్తకంలో పద్దెనిమిది ఉంది."

ఆయన కారులో చిన్న పుస్తకం పెట్టుకుని, డీజిల్ పోయించినప్పుడల్లా కిలోమీటర్లు రాసేవారు. ఆయన పోయాక పద్నాలుగు నెలలుగా అందులో ఎవరూ ఏమీ రాయలేదు.

"కారుకు వయసొచ్చిందిరా. నాకూ వచ్చింది, నా మైలేజీ కూడా చూస్తావా?" అన్నాను.

వాడు నవ్వలేదు. "ఏడాదిలో అంత పడిపోదమ్మా. రోజుకు లీటరున్నరకు పైగా ఎటో పోతోంది. బండి జానీ చేతిలోనే కదా ఉండేది? ఈ నెలలో లెక్క తేలకపోతే డ్రైవర్ని మార్చేద్దాం."

పదహారేళ్ళుగా మా కారు నడుపుతున్న మనిషి జానీ. మార్చేద్దాం అనడానికి ఉదయ్‌కి ఎంతసేపు పట్టింది? పంకా స్విచ్ వేసినంత సేపు.

నాకైతే జానీ మీద అనుమానం లేదు.

మార్చి 3

ఎప్పటిలాగే ఏలూరులో పన్నెండున్నరకు బయలుదేరి కొల్లేటి మీదుగా కైకలూరు వైపు. మూడు ప్యాకింగ్ షెడ్లు చూసుకున్నాను. ఒక షెడ్డుకు రొయ్యల పెట్టెలు రెండు వందలు తక్కువ పంపారట మావాళ్ళు. చేపల నీళ్ళు కారుస్తూ లారీలు ఎదురొస్తాయి, రోడ్డంతా జారుడు. జానీ బ్రేకు తొక్కడం నాకెప్పుడూ తెలియదు. లారీ ఎక్కడ వంపు తిరుగుతుందో ముందే తెలిసినట్టు కాలు తీసేస్తాడు, కారు దానంతట అదే నెమ్మదిస్తుంది. నా ఒళ్ళోని మజ్జిగ సీసా మూత తీసి ఉన్నా చుక్క ఒలకదు. ఇలాంటి మనిషి చేతిలో డీజిల్ వృథా అవుతుందంటే నేను నమ్మను.

జానీ వాళ్ళకు రంజాన్ మొదలైంది. ఉపవాసంతోనే నడుపుతున్నాడు.

వచ్చేటప్పుడు కొల్లేటి గట్టు దగ్గర కాస్త ఆగాం. పక్షులు.

మార్చి 4

వచ్చేటప్పుడు కాస్త ఆగాం.

మార్చి 6

నిన్న ఉదయ్ జానీని అడిగేశాడు. నా ముందే, షాపులో. మెత్తగానే అడిగాడు, కానీ మెత్తటి చెప్పుతో కొట్టినా కొట్టినట్టే.

జానీ మొహం ఎర్రబడలేదు. "కొలుద్దామండీ ఉదయ్ బాబూ. మీరు ఫోన్లో చూసేది సరైన కొలత కాదండీ. మనం రెండు వేలకు పోయించమంటాం, మూడు వేలకు పోయించమంటాం. ట్యాంకులో అంతకుముందు ఎంతుందో ఎవరికి తెలుసండీ? ఫుల్ చేసి కొలవాలి."

నిజమే. మా ఊళ్ళో ట్యాంకు ఫుల్ చేయించేవాళ్ళు పెళ్ళికో తిరుపతికో వెళ్ళేవాళ్ళే. మిగతా అందరం రౌండు అంకె చెప్పేసి కిటికీలోంచి చెయ్యి లోపలికి లాక్కుంటాం. ఇన్నేళ్ళుగా కారెక్కుతున్నాను, బంకులో మీటరు సున్నాయేనా కాదా అని చూడటమే తప్ప, బండి ఎంత తాగుతోందో ఎలా తెలుస్తుందన్న ఆలోచనే రాలేదు.

నేనూ వెళ్ళాను చూడటానికి. ఇవాళ పొద్దున్న ఏడింటికి, చల్లగా ఉన్నప్పుడు. జానీ కారును నేల చదునుగా ఉన్న చోట ఆపి, ముందు చక్రం పక్కన సుద్దముక్కతో గీత గీశాడు. మళ్ళీ పోయించేటప్పుడు ఇదే బంకు, ఇదే పంపు, చక్రం ఇదే గీత మీద ఉండాలట. బండి ఏ కాస్త ఒరిగినా ట్యాంకులో గాలి నిలిచి లెక్క తప్పుతుందట. పైపు టక్కుమని ఆగగానే బంకు కుర్రాడు అలవాటుగా ఇంకో రెండుసార్లు నొక్కబోతే, జానీ వాడి చెయ్యి పట్టుకున్నాడు. "వద్దు తమ్ముడూ. ఈ రోజు ఎక్కడ ఆగిందో రేపూ అక్కడే ఆగాలి." తర్వాత కిలోమీటర్ల మీటరు సున్నా చేశాడు. రేపు మళ్ళీ నింపితే ఎన్ని లీటర్లు పడతాయో అన్నే కాలినట్టు. తిరిగిన కిలోమీటర్లను దానితో భాగించాలి. అంతే.

ఇంత తేలికైన సంగతి. దొంగ అయితే తన మీద తానే ఇంత పకడ్బందీగా కొలత పెట్టించుకుంటాడా? ఉదయ్‌తో ఆ మాటే అన్నాను.

వచ్చేటప్పుడు కాస్త ఆగాం.

మార్చి 7

తొంభై రెండు కిలోమీటర్లు. పట్టింది ఆరు లీటర్ల ఎనిమిది వందల మిల్లీలీటర్లు. పదమూడున్నర.

ఉదయ్ ఫోను చెప్పిందే చెప్పింది జానీ సుద్దగీత కూడా. జానీ టైర్లలో గాలి చూపించాడు, ఎయిర్ ఫిల్టర్ మార్పించాడు, చక్రాలు పైకెత్తించి బ్రేకులు పట్టేస్తున్నాయేమో చూపించాడు. అన్నీ బాగున్నాయి.

కారణాలు చాలా ఉంటాయి. లారీలు, స్పీడ్ బ్రేకర్లు, కైకలూరు రైలు గేటు దగ్గర ఆగడం, గతుకులు, ఎండ. ఈ రోజుల్లో డీజిల్ కూడా మునుపటిలా ఉండటం లేదని అంటారు.

మార్చి 9, ఆదివారం

ఉదయ్ తనే కొలుస్తానన్నాడు. అదే బంకు, అదే గీత. తాడేపల్లిగూడెం వెళ్ళొచ్చాం. ఉల్లిపాయల మార్కెట్ దాకా వెళ్ళి, ఒక బస్తా తీసుకుని, ఆగకుండా తిరిగొచ్చాం. వాడు నడిపాడు, కోడలు తేజస్వి ముందు కూర్చుంది, నేను వెనక. ఏసీ వేసే ఉంది. వాడి బ్రేకులకు నా నడుము సంగతి చెప్పకూడదు.

తొంభై ఎనిమిది కిలోమీటర్లు. అయిదున్నర లీటర్లు. పదిహేడు ఎనిమిది.

"చూశావా అమ్మా? దోషం కారుది కాదు" అన్నాడు. తేజస్వి నా వైపు తిరిగి, "అత్తయ్యా, పాపం పదహారేళ్ళ మనిషి, ఇలా చేస్తాడనుకోలేదండీ" అంది.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, నేను సీటు కవరు సర్దుకుంటూ కూర్చున్నాను.

మార్చి 10

ఆ అంకె జానీకీ తెలిసింది. వచ్చేటప్పుడు గట్టు దగ్గరకు రాగానే కారు నెమ్మది చేసి, అద్దంలోకి చూడకుండా అడిగాడు.

"ఆపమంటారా అండీ?"

ఆపమన్నాను.

మార్చి 11

ఆగాం.

మార్చి 12

పక్షుల కోసం ఆగుతామని మొన్న రాశాను. ఈ డైరీ ఎవరు చదువుతారని అలా రాశాను?

మార్చి 13

ఉదయ్ టైము లెక్క కూడా తీశాడు. తొంభై రెండు కిలోమీటర్లకు రెండున్నర గంటలు, మూడు షెడ్లకు గంటన్నర. నాలుగున్నరకల్లా ఇంటికి రావాలి. వస్తున్నది ఆరింటికి.

పెట్టెలు కట్టే అచ్చమ్మ, గుమాస్తా కోదండరామయ్య గారు, హమాలీలు అందరూ ఉండగా అడిగాడు.

"రోజూ గంటకు పైగా లెక్కలోకి రావడం లేదు జానీ. ఆ టైములో కారు ఎక్కడుంటోంది?"

"దారిలోనేనండీ."

"ఏ దారిలో? ఎవరికి పోస్తున్నావు డీజిలు?"

జానీ నేల చూశాడు. నా వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది, నోరు తెరిచేదాన్నేమో. ఉదయ్ నా వైపు తిరిగాడు.

"అమ్మా, నువ్వు కారులోనే ఉంటావుగా. నీకేం తెలియలేదా?"

నా నోట్లోంచి వచ్చిన మాటలు ఇవి. అక్షరం మార్చకుండా రాస్తున్నాను.

"నేను షెడ్ల లోపల ఉంటానురా. బయట ఏం జరుగుతుందో నాకేం తెలుసు?"

అప్పుడు జానీ తల ఎత్తాడు. కోపం లేదు ఆ మొహంలో. "ఆ గంట నా మీదే రాసుకోండి బాబూ" అని, తాళాలు బల్ల మీద పెట్టి, నాకు దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. ఎండలో టోపీ సర్దుకుంటూ బస్టాండు వైపు నడిచాడు. రోజా ఉపవాసంలో ఉన్న మనిషి, కనీసం ఆటో ఎక్కమని చెప్పలేకపోయాను.

అచ్చమ్మ తాడు ముడి వేస్తూ, "ఎవరి కడుపులో ఏముందో ఎవరికి తెలుసండీ" అంది. జానీ గురించి అన్నదే. నాకు తగిలింది.

మార్చి 15

కొత్త డ్రైవరు వచ్చాడు. పేరు అజయ్. సెంటు కొట్టుకుంటాడు.

మార్చి 17

ఇవాళ రాయాలి. రాయకపోతే ఈ డైరీ కన్నా ఆ థర్మకోల్ పెట్టెలు నయం, కనీసం ఏదో ఒకటి చెడిపోకుండా ఉంచుతాయి.

గట్టు దగ్గర ఆపమన్నాను. అజయ్ ఆపాడు. ఇంజను కట్టేశాడు. సీట్లోనే వెనక్కి వాలి ఫోన్లో ఏవో వీడియోలు పెట్టుకున్నాడు. రెండు నిమిషాలకు అద్దంలోంచి చూసి, "ఏంటి మేడమ్, ఒంట్లో బాలేదా? ఇంటికి ఫోన్ చేయమంటారా?" అన్నాడు. మంచి కుర్రాడే. వాణ్ణి ఏమనాలి? "ఏం లేదు, పోనీ" అన్నాను.

నేను అక్కడ ఏడవడానికి ఆగుతాను. ఇదీ సంగతి. పద్నాలుగు నెలలుగా.

ఇంట్లో ఏడవలేను. కళ్ళు తడిస్తే చాలు, తేజస్వి మంచినీళ్ళు తెస్తుంది, ఉదయ్ డాక్టరు దగ్గరకు పోదామంటాడు, మనవడు రోహిత్ "నానమ్మా, తాత కోసమా?" అని అడిగి వాడూ ఏడుస్తాడు. వాళ్ళందరినీ ఊరుకోబెట్టేసరికి నా ఏడుపు అలాగే ఉండిపోతుంది. షాపులో యజమానిని, అక్కడ ఏడిస్తే మర్నాడు హమాలీలు మాట వినరు. కారే మిగిలింది. అద్దాలు ఎక్కించి ఏసీ వేస్తే ఆ చప్పుడులో గొంతు బయటికి వినపడదు. నిజానికి ఏడ్చేది పది నిమిషాలే. మిగతా గంటా కళ్ళ ఎరుపు పోయేదాకా, మొహానికి చల్లగాలి తగలనిస్తూ కూర్చోవడమే. మొహం మామూలుగా అయ్యాకే ఇంటికి వెళ్ళాలి. అంతసేపూ ఇంజను నడుస్తూనే ఉంటుంది.

మొదటి రోజు నేను జానీకి ఏమీ చెప్పలేదు. గట్టు మీద ఆపమన్నానంతే. వాడు అద్దంలో ఒక్కసారి చూశాడు. ఏసీ పెంచి, ఇంజను అలాగే ఉంచి, గొడుగు తీసుకుని దిగి వెళ్ళిపోయాడు. యాభై గజాల దూరంలో కారుకు వీపు పెట్టి నిలబడ్డాడు. ఎవరైనా చేపల బండి ఆపి పలకరించబోతే, వాడే ఎదురెళ్ళి మాటల్లో పెట్టి పంపించేసేవాడు. నేను హారను చిన్నగా కొడితే వచ్చేవాడు. ఆ మర్నాడు నేను అడగకుండానే అక్కడ నెమ్మది చేశాడు. పద్నాలుగు నెలల్లో ఒక్కసారి కూడా ఆ సంగతి ఎత్తలేదు. ఓదార్చలేదు. ఎందరో ఓదార్చారు నన్ను, వాళ్ళెవరి పేరూ గుర్తు లేదు. ఆ వీపు మాత్రం గుర్తుంది. ఈ రంజాన్ ఎండలో గుక్కెడు నీళ్ళు లేకుండా గంట సేపు నిలబడిన ఆ వీపు.

ఇంత గొప్పవాడి మీద దొంగ అన్న ముద్ర పడుతుంటే నేను కాగితాలు సర్దుకుంటూ నిలబడ్డాను. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ తననెవరూ చూడటం లేదనుకుంటుందట. నా పిల్లితనానికి కాపలా కాసినందుకు వాడి ఉద్యోగం పోయింది.

మార్చి 19

ఉదయ్ సంతోషంగా వచ్చాడు. అజయ్ నడిపిన మూడు రోజులదీ కొలిచాడట. అదే దారి, అదే షెడ్లు. పదిహేడు ఎనిమిది.

"కారు అదే, రోడ్డు అదే, నువ్వూ అదే. మారింది డ్రైవరొక్కడే. ఇంకేం సాక్ష్యం కావాలమ్మా?"

కోదండరామయ్య గారి ద్వారా ఈ మాట ఊళ్ళోకి వెళ్ళిపోయిందట. జానీని ట్రావెల్స్ వాళ్ళు కూడా వద్దన్నారని హమాలీలు చెప్పుకుంటుంటే విన్నాను.

మార్చి 20

పొద్దున్నే అజయ్‌ని తీసుకుని బంకుకు వెళ్ళాను. గీత మీద ఆపించి, పైపు టక్కుమనే దాకా నింపించాను. కారును మన గోడౌను ముందు పెట్టించి, ఏసీ వేసి, ఇంజను నడుస్తుండగా గంటా ఇరవై నిమిషాలు ఒక్కదాన్నే కూర్చున్నాను. ఈసారి ఏడుపు రాలేదు, గడియారం చూసుకుంటూ కూర్చున్నాను. మళ్ళీ గీత మీదకు. లీటరు ఏడు వందలు పట్టింది. కిలోమీటర్ల మీటరు ఒకటి దాటలేదు.

అంకెలు కలిపి చూశాను. తొంభై రెండు కిలోమీటర్లకు పద్దెనిమిది చొప్పున అయిదు లీటర్ల చిల్లర. దానికి నా లీటరు ఏడు వందలు. ఆరు ఎనిమిది. జానీ సుద్దగీత దగ్గర వచ్చింది కూడా ఆరు ఎనిమిదే. తొమ్మిదో తరగతితో చదువు ఆపేసిన నాకే ఈ లెక్క ఇంత తేలిగ్గా వచ్చిందంటే, పదహారేళ్ళు బండి నడిపిన వాడికి మొదటి రోజే వచ్చి ఉంటుంది. తెలిసే సుద్దగీత గీశాడు. అంకె ఎలా వస్తుందో తెలిసీ చెయ్యి పట్టుకుని మరీ సరిగ్గా కొలిపించాడు. తన కోసమని కొలత కూడా తప్పనివ్వలేదు!

నేరుగా వాళ్ళింటికి వెళ్ళాను. జానీ భార్య మహమూదా తలుపు తీసింది. కుట్టు మిషను మీద పండగ బట్టలు కుప్పగా ఉన్నాయి. కుర్చీ వేసింది, కూర్చోమని మాత్రం అనలేదు.

"ఆయన లేరండీ. పని వెతుక్కోవడానికి భీమవరం వెళ్ళారు. ఏం కావాలండీ?"

"నేను మాట్లాడాలి మహమూదా."

"మీతో మాట్లాడే ధైర్యం మాకెక్కడిదండీ? రంజాన్ నెలలో దొంగ అనిపించుకుని ఇంటికొచ్చారాయన. నేనూ అడిగానండీ, ఆ గంట ఎక్కడుండేవారని. నాకూ చెప్పలేదు. ఇరవై నాలుగేళ్ళ కాపురంలో మొదటిసారి ఆయన్ని అనుమానించానండీ నేను. రెండు రోజులు సరిగ్గా మాట్లాడలేదు. అయినా చెప్పలేదు."

పెళ్ళానికి కూడా చెప్పలేదు.

అక్కడే నిలబడి అంతా చెప్పాను. గట్టు, ఏసీ, గొడుగు, షాపులో నేనాడిన అబద్ధం, అన్నీ. మహమూదా వింటూ వింటూ మిషను ముందు స్టూలు మీద కూలబడింది. "నేను కూడా అడగకూడనిది అడిగానండీ ఆయన్ని" అంది. ఆ తర్వాత కళ్ళు తుడుచుకుని, సూటిగా చూసి, "నాకు చెబితే చాలదండీ. దొంగ అన్న చోట చెప్పాలి" అంది.

సరిగ్గా చెప్పింది. నాకు రావలసిన మాట తనకొచ్చింది.

మార్చి 22

పదింటికి, షాపు నిండా మనుషులున్నప్పుడు. జానీని కబురు పెట్టి పిలిపించాను, మహమూదా కూడా వచ్చింది. తేజస్విని కూడా ఇంటి నుంచి వెంట తెచ్చుకున్నాను. ఉదయ్ నా మొహం చూసి ఏదో అనబోయాడు.

"నువ్వు ఆగరా. కోదండరామయ్య గారూ, మీరూ ఇలా రండి. అచ్చమ్మా, ఆ తాడు పక్కన పెట్టు."

మొన్నటి బంకు చీటీలు రెండూ బల్ల మీద పెట్టాను. గంటా ఇరవై నిమిషాలకు లీటరు ఏడు వందలని చెప్పాను.

"ఆ గంట కారులో ఉన్నది నేను. రోజూ గట్టు మీద కారాపించి, ఏసీ వేసుకుని, ఆయన కోసం ఏడ్చేదాన్ని. ఆ డీజిల్ తాగింది నేనే. జానీ అంతసేపూ ఎండలో నిలబడి నాకు కాపలా కాశాడు. మొన్న ఇక్కడ నాకేం తెలుసని అబద్ధమాడాను. నా పరువు కోసం వాడి పరువు తీశాను."

ఉదయ్ చీటీలు చేతిలోకి తీసుకుని చూస్తున్నాడు, అంకెలు చూస్తున్నాడో లేదో. వాడి మొహం పదేళ్ళ పిల్లాడి మొహంలా అయిపోయింది.

"జానీ గారూ, ఒక్క మాట నాతో చెప్పి ఉంటే..." అన్నాడు.

"డీజిల్ సంగతైతే చెప్పేవాణ్ణి బాబూ" అన్నాడు జానీ. "అమ్మగారి సంగతి నేనెలా చెబుతానండీ?"

ఉదయ్ రెండు చేతులూ జోడించాడు. జానీ ఆ చేతులు పట్టుకుని కిందికి దించాడు. అచ్చమ్మ కొంగు నోట్లో పెట్టుకుని, "ఆయ్, నేనూ అన్నానండీ ఆ రోజు" అంటూ పెద్దగా ఏడ్చింది. ఉదయ్ అడుగుతున్నాడు, మళ్ళీ రమ్మని. జానీ వాడికి జవాబివ్వకుండా మహమూదా వైపు చూశాడు. ఆవిడ తలూపాక నా వైపు తిరిగాడు.

"సోమవారం ఎన్నింటికి రమ్మంటారండీ?"

పన్నెండున్నరకు అని చెప్పబోయాను, రాలేదు. అక్కడే, షటరు మొత్తం ఎత్తి ఉన్న షాపులో, హమాలీలందరి ముందూ ఏడ్చేశాను. తేజస్వి మంచినీళ్ళకు లేవబోతే ఉదయ్ ఆపేశాడు. వాడు వచ్చి నా పక్కన నిలబడ్డాడు, వాడూ ఏడుస్తున్నాడు. ఆయన పోయాక వాడు ఏడవడం నేను చూడటం ఇదే మొదలు. వీధిలోంచి పోయేవాళ్ళు లోపలికి చూస్తూ పోయారు. చూడనీ అనుకున్నాను.